హియరింగ్ ఎయిడ్‌లోకి ఫోన్ కాల్: ఏ కనెక్షన్ ఎంతవరకు పనికొస్తుంది

హియరింగ్ ఎయిడ్ డబ్బా మీద ‘బ్లూటూత్’ అని ఉంటే సరిపోదు. అది ఏ రకం బ్లూటూత్ అన్నదాన్ని బట్టే కాల్ ఎలా నడుస్తుందో ఉంటుంది. కంపెనీ పేరు కంటే ముందు చూడాల్సింది అదే.

ఐఫోన్‌కు నేరుగా కలిసే ‘మేడ్ ఫర్ ఐఫోన్’ రకంలో మాట చాలా స్పష్టం, రెండు చెవుల్లోనూ పలుకుతుంది. ఒక చెవితో పోలిస్తే రెండు చెవులతో విన్నప్పుడు మాట పట్టుకోవడం ఎంతో తేలిక. జత చేయడానికి మామూలు బ్లూటూత్ జాబితాలో వెతకకండి. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ, అందులో హియరింగ్ డివైజెస్ తెరవండి. హియరింగ్ ఎయిడ్ బ్యాటరీ తలుపు ఒకసారి తెరిచి మూయండి. చార్జింగ్ రకమైతే చాలావాటికి చార్జర్‌లో పెట్టి తీస్తే చాలు. పేరు కనిపించగానే నొక్కండి. అనుమతి రెండుసార్లు అడుగుతుంది, చెవికొకటి. మొదటిది ఒప్పుకుని ఫోన్ పక్కన పెట్టేస్తే ఒక చెవిలోనే వినిపిస్తుంది. మిషన్ పాడైందేమోనని చాలామంది కంగారు పడేది ఇక్కడే.

అసలు లోటు మైకుది. ఈ రకంలోనూ, ఆండ్రాయిడ్ 10తో వచ్చిన ‘ఆషా’ రకంలోనూ, అవతలివారి మాట మన చెవుల్లోకి వస్తుంది కానీ మన మాటను తీసుకునేది సాధారణంగా ఫోన్ మైకే. ఫోన్ జేబులో ఉంటే అవతలివారికి మనం గొణుగుతున్నట్టే ఉంటుంది. ఐఫోన్ 11, ఆ తర్వాతివాటిలో ఫోన్ చేత్తో పట్టుకోకుండా ఎయిడ్ మైకుతోనే మాట్లాడే వీలుంది, అయితే హియరింగ్ ఎయిడ్‌లో కూడా ఆ సదుపాయం ఉండాలి.

రోజంతా ఫోన్ మీదే పని ఉన్నవారికి మా ఓటు క్లాసిక్ బ్లూటూత్ రకానికి, అంటే మామూలు ఫోన్ హెడ్‌సెట్‌లు వాడే బ్లూటూత్‌కు. ఫోనాక్ 2018లో తెచ్చిన మార్వెల్ ఈ రకమే. బ్లూటూత్ ఉన్న కీప్యాడ్ ఫోన్‌కూ కలుస్తుంది, మన గొంతును చెవి దగ్గరి మైకులే తీసుకుంటాయి. కాకపోతే ఆ మైకులు నోటికి దూరం కాబట్టి రద్దీ రోడ్డు మీద మన మాటతో పాటు ఆ గోల కూడా అవతలికి పోతుంది. కాల్స్ ఎక్కువైతే బ్యాటరీ కూడా త్వరగా దిగుతుంది.

టెలికాయిల్‌ను, అంటే ఫోన్ అయస్కాంత సిగ్నల్‌ను పట్టుకునే ఎయిడ్‌లోని చిన్న తీగచుట్టను, పాతదని తీసిపారేయకండి. ఎయిడ్‌ను టీ ప్రోగ్రామ్‌కు (టెలికాయిల్ సెట్టింగ్‌కు) మార్చి, టెలికాయిల్‌కు సరిపడే ఫోన్‌ను దగ్గర పెడితే చాలు, జత చేసే పనే లేదు. 2జీ కాల్‌లో జుయ్‌మని గోల వస్తే దానికి కారణం ఫోన్ సెకనుకు 217 సార్లు విడతలు విడతలుగా సిగ్నల్ పంపడం. టవర్ అందని చోట ఫోన్ మరింత బలంగా పంపుతుంది, గోల పెరుగుతుంది. కిటికీ దగ్గరికి జరిగినా, వోల్టీ (4జీ మీద కాల్) ఆన్ చేసినా చాలావరకు తగ్గుతుంది.

ఏ కనెక్షనూ లేకపోతే ఫోన్‌ను చెవి రంధ్రానికి ఆనించకండి. చెవి వెనక పెట్టుకునే రకంలో మైకు చెవి పైఅంచు దగ్గర ఉంటుంది. ఫోన్ స్పీకర్‌ను కాస్త పైకి జరిపి అక్కడికి చేర్చండి, చెవికి కొంచెం ఎడంగా ఉంచండి. కుయ్‌మనే ఈల ఆగుతుంది.

కొత్తగా వస్తున్న బ్లూటూత్ రకం ఎల్ఈ ఆడియో. ఇది ఫోన్‌లోనూ, ఎయిడ్‌లోనూ రెండింటా ఉండాలి. ఫోన్ మీద బ్లూటూత్ 5.2 అని ఉన్నంత మాత్రాన ఎల్ఈ ఆడియో ఉన్నట్టు కాదు.

డబ్బు కట్టే ముందు మీ సొంత ఫోన్‌తోనే అయిదు నిమిషాల కాల్ చేయండి. సగంలో ఫోన్ జేబులో వేసుకుని, మాట ఎలా వినబడుతోందో అవతలివారిని అడగండి.