సబ్బా, ఫేస్‌వాషా, క్రీమ్ క్లెన్సరా: ముఖానికి ఏది మేలు?

“ముఖానికి సబ్బు వాడొచ్చా, ఫేస్‌వాషే వాడాలా?” అని నన్ను ఎవరో ఒకరు అడగని వారం లేదు. ఇన్నాళ్లూ “మీ చర్మాన్ని బట్టి” అని తప్పించుకున్నాను. అబద్ధం కాదు గానీ, అడిగినవాళ్ల చేతికి ఏమీ ఇవ్వని జవాబు అది. ఈమధ్య నేనే ఫేస్‌వాష్ మార్చుకోవాల్సి వచ్చింది కాబట్టి, ఇక గోడమీద పిల్లిలా కూర్చోకుండా నా మాట చెప్పేస్తాను.

అసలు ప్రశ్నలోనే ఒక చిక్కుంది. బిళ్లగా ఉంటే సబ్బు, ట్యూబులో వస్తే ఫేస్‌వాష్ అనుకుంటాం. చర్మానికి ఆకారంతో పనిలేదు, లోపల జిడ్డును వదలగొట్టే సరుకు ఏదన్నదే దానికి ముఖ్యం. నూనెనో కొవ్వునో క్షారంతో ఉడికించి చేసే అసలైన సబ్బుకు పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) 9, 10 దగ్గర ఉంటుంది. ముఖం పైపొరకు 5కు అటూ ఇటూగా ఉంటుంది. చూడ్డానికి నాలుగైదు అంకెల తేడాయే. కానీ పీహెచ్‌లో ఒక్కో అంకెకు క్షార గుణం పది రెట్లు మారుతుంది, నాలుగంకెలంటే పదివేల రెట్లు! ఆరోగ్యంగా ఉన్న చర్మం కొన్ని గంటల్లో దాన్ని సర్దుకుంటుంది. ముందే పొడిబారి, పగిలి ఉన్న చర్మానికి ఆ సత్తువ తక్కువ.

బిళ్లలన్నీ సబ్బులు కావు. సిండెట్ బార్లని ఉంటాయి, వాటిలో సబ్బు బదులు మృదువైన డిటర్జెంట్ వేస్తారు. పదార్థాల జాబితా మొదట్లోనే సోడియం కోకోయిల్ ఐసెథయోనేట్ ఉంటే ఆ కోవకు చెందినదే. సోడియం కోకోయేట్, సోడియం పామేట్ ఉంటే మామూలు సబ్బు. కోకోయిల్, కోకోయేట్ ఒకేలా కనిపిస్తాయి, కాస్త కళ్లు చిట్లించి చూడండి. రెండూ కలిపి చేసినవీ దొరుకుతాయి. ఉప్పునీళ్లు వచ్చే ఇళ్లలో ఈ తేడా ఇంకా తెలుస్తుంది. ఆ నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియంతో సబ్బు కలిసి, బకెట్ అంచున పేరుకునే తెల్లటి తెట్టు అవుతుంది. అదే కొంత ముఖానికీ అంటుకుంటుంది. సిండెట్‌తో ఆ బాధ లేదు.

ఇప్పుడు నా కథ. నాకు నురగంటే ఇష్టం. కడుక్కున్నాక వేలితో రుద్దితే బుగ్గ కిర్రుమంటేనే శుభ్రమైనట్టు లెక్క. కొన్నాళ్లకు మాయిశ్చరైజర్ రాస్తే చురుక్కుమనడం మొదలైంది. తప్పు దానిదేననుకుని రెండుసార్లు మార్చాను, చురుకు మాత్రం పోలేదు. చివరికి ఫేస్‌వాష్ ట్యూబు తిప్పి చదివితే మిరిస్టిక్ యాసిడ్, స్టియరిక్ యాసిడ్, పొటాషియం హైడ్రాక్సైడ్! కొవ్వు ఆమ్లాలు, పక్కనే క్షారం. అంటే నేను ఇన్నాళ్లూ వాడింది ట్యూబులో పెట్టిన సబ్బు.

అందుకే నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద పరీక్ష ఇది. ముఖం కడుక్కుని, మెత్తని తువ్వాలుతో అద్దుకుని, ఏమీ రాయకుండా పది నిమిషాలు ఆగండి. నోరు పెద్దగా తెరిస్తే బుగ్గలు బిర్రుగా లాగుతున్నాయా? లాగితే ఆ క్లెన్సర్ మీకు పడదు, దాని మీద ఎంత మంచి మాటలు రాసి ఉన్నా సరే. పైపొర కణాల మధ్య సెరమైడ్లనే కొవ్వులు, కొలెస్ట్రాల్, కొవ్వు ఆమ్లాలు గోడలో సున్నంలా పట్టి ఉంటాయి. ఘాటైన క్లెన్సర్ జిడ్డుతోపాటు వాటినీ కొంత ఊడ్చేస్తుంది. పైగా ఆ కణాల్లోని ప్రోటీన్లకు అంటుకుని, నీళ్లతో కడిగినా పూర్తిగా పోదు. తడి ఆరేకొద్దీ పైపొర కుంచించుకుంటుంది, మనకు తెలిసే బిగుతు అదే. దాన్ని శుభ్రతగా పొరబడతాం.

ఈ పరీక్షలో నా ముఖానికి నెగ్గింది క్రీమ్ క్లెన్సర్. నురగ రాదు, మొదటి వారం కడుక్కున్నట్టే అనిపించదు, అలవాటు పడాలి. నీటికి చెదరని సన్‌స్క్రీన్ రాసుకున్న రోజు ఒకసారికి అది పూర్తిగా పోదు, క్లెన్సర్ రెండోసారి రాయాలి. అయినా నా ఓటు దానికే. రాత్రి అది, పొద్దున ఉత్త గోరువెచ్చని నీళ్లు.

జిడ్డు చర్మం వాళ్లకు మాత్రం ఇది చాలదు. వాళ్లకు సల్ఫేట్లు (జిడ్డును ఘాటుగా లాగే డిటర్జెంట్లు) లేని, తేలిగ్గా నురగొచ్చే జెల్ మేలు, రోజుకు రెండుసార్లు. చెమట బాగా పడితే ఇంకోసారి. జిడ్డు తీసేసేకొద్దీ చర్మంలోని నూనె గ్రంథులు పంతం పట్టి ఇంకా ఎక్కువ నూనె ఊరిస్తాయని అంటుంటారు. వాటిని నడిపేది ముఖ్యంగా హార్మోన్లు, మన ఫేస్‌వాష్ మీద వాటికేం పంతం? నూనె ఎక్కువైనా బిగుతు పరీక్ష వాళ్లకూ వర్తిస్తుంది. మొటిమలుంటే సాలిసిలిక్ యాసిడ్ ఉన్నది చూడొచ్చు.

దూదితో తుడుచుకునే నీళ్లలాంటి క్లెన్సర్, మిసెల్లార్ వాటరా? దూదితో గట్టిగా రుద్దకండి, తర్వాత నీళ్లతో కడగండి. ఆయిల్ క్లెన్సర్ మేకప్ దట్టంగా వేసిన రోజుకు. వైప్స్ ప్రయాణాలకు. గరుకు స్క్రబ్బుల గురించి అడగొద్దు.

ఏది వాడినా మంట, ఎర్రదనం తగ్గకపోతే క్లెన్సర్లు మారుస్తూ కూర్చోకుండా చర్మ వైద్యుల దగ్గరికి వెళ్లండి.

అన్నట్టు, నా పాత ట్యూబు ఇంకా సగముంది. పారేయబుద్ధి కాక చేతులు కడుక్కోవడానికి సింకు పక్కన పెట్టాను.