ఇరవై నాలుగు తలపాగాలు, ఒక గ్రీన్ స్టఫ్ పట్టీ

కొరియర్‌తో కలిపి 850 రూపాయలు పెట్టి గ్రీన్ స్టఫ్ పట్టీ ఒకటి తెప్పించాను. చిన్న బొమ్మల మీద వివరాలు తీర్చడానికి వాడే పుట్టీ ఇది: సగం పసుపు, సగం నీలం ఉండే చిన్న పట్టీ, రెండూ కలిపి పిసికితే గట్టిపడుతుంది. ఆ డబ్బుకి మా వీధి చివర హార్డ్‌వేర్ షాపులో ఎం-సీల్ ప్యాకెట్లు సంచీడు వస్తాయి. అందుకే కొనే ముందు నెల రోజులు ఆలోచించాను. ఇప్పుడు 24 మంది సిపాయిలు తయారై నా ఎదురుగా నిలబడ్డారు కాబట్టి ధైర్యంగా చెప్తున్నాను: చిన్న బొమ్మ మీద బట్ట మడతలు తీయాలంటే ఇది కొనాల్సిందే.

పని ఏంటో చెప్తే గానీ ఈ మాట అర్థం కాదు. 1758 డిసెంబరులో పిఠాపురం దగ్గర జరిగిన చందుర్తి యుద్ధాన్ని 28 మిల్లీమీటర్ల బొమ్మలతో టేబుల్ మీద ఆడాలని నా కోరిక. ఒకవైపు కల్నల్ ఫోర్డ్ నడిపిన ఇంగ్లీషు కంపెనీ సేన, దానికి తోడు విజయనగరం ఆనంద గజపతి రాజు బలగం. అటువైపు కాన్‌ఫ్లాన్స్ కింద ఫ్రెంచివాళ్లు. ఆ రోజు గెలుపోటములు తేలడంలో బట్టల రంగుకి పెద్ద పాత్ర ఉంది. ఫోర్డ్ దగ్గరి సిపాయిలు, అంటే కంపెనీలో చేరిన మనవాళ్లు, ఎర్ర కోట్లు వేసుకుని ఉన్నారు. ఎర్ర కోటంటే తెల్లవాడే అనుకున్న ఫ్రెంచి పటాలం నేరుగా వాళ్ల మీదికి వెళ్లింది. అసలు ఇంగ్లీషు పటాలం ఏపుగా పెరిగిన చేను చాటున ఉంది. అది బయటికొచ్చి పక్కనించి కాల్చేసరికి ఫ్రెంచి వరస చెదిరిపోయింది. నాలుగు నెలలకి, 1759 ఏప్రిల్లో, మచిలీపట్నం కోట కూడా వాళ్ల చేతుల్లోంచి పోయింది.

అంటే నాకు రెండు కావాలి. దూరం నుంచి తెల్లవాడిలా, దగ్గరికొస్తే మనవాడిలా కనబడే సిపాయి ఒకటి. మనిషిని దాచే చేను రెండోది. ఈ రెండూ పెట్టెలో పెట్టి అమ్మేవాళ్లు నాకు దొరకలేదు. 18వ శతాబ్దపు యూరప్ సైనికుల ప్లాస్టిక్ పెట్టె కొని, టోపీలు కోసేసి, ప్యాంట్లు తొడ దగ్గర కత్తిరించి, బూట్లు గీకి ఉత్తి కాళ్లు చేశాను. కంపెనీ కాలపు చిత్రాల్లో సిపాయికి తలపాగా, నడికట్టు, పొట్టి జాంగియా ఉంటాయి. ఆ మూడూ గ్రీన్ స్టఫ్‌తో చేసినవే.

నేను డెంటల్ ల్యాబ్‌లో పదకొండేళ్లుగా మైనంతో పళ్లు చెక్కుతున్నాను. రెండు ముద్దలు కలిపితే గట్టిపడే పదార్థాలు నా చేతికి కొత్త కాదు. అయినా దీని తీరు వేరు. పసుపు, నీలం సమానంగా కోయాలి. రెండూ అతుక్కుని ఉన్న మధ్య గీతని మాత్రం మిల్లీమీటరు చొప్పున తీసి పారేయాలి, అక్కడ అది అప్పటికే గట్టిపడి ఉంటుంది. ఆ పలుకులు కలిస్తే తలపాగా మీద మొటిమల్లా తేలతాయి. తడి వేళ్లతో ఒకే పచ్చ రంగు వచ్చేదాకా పిసకాలి. వెంటనే మొదలుపెడితే జిగటగా పనిముట్టుకి అంటుకుంటుంది. ఓ ఇరవై నిమిషాలు వదిలేస్తే మాట వింటుంది.

ఒక తలపాగాకి శనగగింజలో సగమంత ముద్ద చాలు. ముందు నెత్తి మీద చిన్న బొడిపె పెట్టాలి. తర్వాత సన్న సేమియాలా తాడు చేసి, కొద్దిగా నొక్కి, ఎడమ చెవి మీంచి నుదుటికి, నుదుటి మీంచి కుడి చెవికి, మా తాతయ్య తువ్వాలు చుట్టుకున్నట్టే వాలుగా చుట్టాలి. ల్యాబ్‌లో మైనం చెక్కడానికి వాడే లెక్రాన్ కార్వర్ అనే పనిముట్టు మొనని నీళ్లలో ముంచి, ఒక్కో చుట్టు మధ్య లోపలికి నొక్కుతూ లాగితే మడత పడుతుంది. మడత అంచు వెంట్రుకంత సన్నం వచ్చినా చిట్లదు. గ్రీన్ స్టఫ్ గొప్పతనమంతా ఇక్కడే ఉంది. ఆరిన తర్వాత కూడా కొంచెం వంగే గుణం ఉంటుంది కాబట్టి, బొమ్మ చేతిలోంచి జారినా నడికట్టు కొస విరగదు. కొండపల్లిలో చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో బొమ్మలకి చేతులూ కాళ్లూ అతికిస్తారు. ఆ మక్కుని చూసి పెరిగినవాళ్లకి ఈ పుట్టీ తొందరగా అలవాటవుతుంది.

పసుపు కాస్త ఎక్కువ వేస్తే మెత్తగా, జిగటగా ఉంటుంది. నీలం ఎక్కువైతే గట్టిగా, అంచులు పదునుగా వస్తాయి. తలపాగాకి సమానం, తోలు పట్టీలకి నీలం ఒక పిసరు ఎక్కువ. మామూలుగా గంటకి పైగా పని చేసుకునే టైమ్ దొరుకుతుంది గానీ, మా కాకినాడ మే నెలలో అంత ఉండదు. ఉదయం ఆరింటికే కూర్చునేవాణ్ని. మిగిలిన పట్టీ కవర్లో చుట్టి ఫ్రీజర్లో పెడతాను.

దీనితో కుదరని పనులూ ఉన్నాయి. ఆకురాయి పడదు. రుద్దితే నున్నబడక నూగు లేస్తుంది, కాబట్టి మెత్తగా ఉన్నప్పుడే నున్నగా చేసుకోవాలి. కత్తి ఒర, తుపాకీ మడమ లాంటి గట్టి అంచులకి ప్లాస్టిక్ ముక్కే నయం. బొమ్మ నిలబడే బేస్ మీద గట్లు, గుంటలు తీర్చడానికి ఇంత ఖరీదైన పుట్టీ దండగ, ఆ పని ఎం-సీల్ చక్కగా చేస్తుంది. పనిముట్టుకి వ్యాసెలిన్ రాసుకుంటే రంగులు వేసే ముందు బొమ్మని సబ్బు నీళ్లతో కడగండి. నేను కడగని మూడు బొమ్మలకి తలపాగా రంగు పొరలా ఊడొచ్చింది.

కొనేటప్పుడు ఇంకో జాగ్రత్త. మొదట ఒక ఆన్‌లైన్ షాపు పంపిన పట్టీ మధ్యలో అర సెంటీమీటరు మేర రాయిలా ఉంది. పాత సరుకు. తిరిగి తీసుకోం అన్నారు. పసుపు, నీలం విడివిడిగా ప్యాక్ చేసినవి దొరికితే అవే తీసుకోండి.

రంగుల దగ్గరికొస్తే, ఈ మడతలు పడ్డ శ్రమకి ఫలితం అక్కడ కనబడుతుంది. పల్చని ముదురు రంగు ఒక్కసారి పారిస్తే చుట్టు చుట్టుకీ నీడ దానంతటదే కూర్చుంటుంది. ఒంటి రంగు మాత్రం నిదానంగా చేయాలి. ముదురు గోధుమరంగు మీద వెలుగు పెట్టడానికి తెలుపు కలిపితే మనిషికి బూడిద పూసినట్టవుతుంది. పసుపు మట్టి రంగు కలిపితే ఎండలో నిలబడ్డ మన రైతు ఒళ్లు వస్తుంది. ఎర్ర కోటుకీ అంతే, తెలుపు కలిపితే గులాబీ అవుతుంది, నారింజ కలపాలి.

చేనుకి కూడా ఇదే పుట్టీ పనికొస్తుందని నేను అనుకోలేదు. ఇంగ్లీషు చరిత్రల్లో ఇండియన్ కార్న్ అని ఉంటుంది, నేను జొన్న చేసుకున్నాను. కొండచీపురు సన్న పోచలు నాలుగు సెంటీమీటర్లకి కోసి, మాస్కింగ్ టేప్ చీలికలతో ఆకులు అతికించి, పైన ఆవగింజంత గ్రీన్ స్టఫ్ పెట్టి, జిగట ఆరకముందే జల్లెడ పట్టిన ఇసుకలో అద్దితే కంకి. కింద మట్టి మా పెద్దనాన్న పొలంలోదే, పెనం మీద వేయించి ఫెవికాల్‌తో అతికించాను.

ఆయనకి చూపిస్తే కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూశారు.

"ఏరా, జొన్న ఇలా కిందనించి పైదాకా పచ్చగా ఉంటుందా? కంకి వేశాక కింది ఆకులు ఎండిపోవూ?"

"మారుస్తాను పెద్దనాన్నా."

"మనుషులు మాత్రం బాగున్నార్రా. ఈ తలపాగా గుడ్డతోనే చుట్టావా?"

ఆ రాత్రే కింది ఆకులన్నిటికీ ఎండుగడ్డి రంగు వేశాను. ఫ్రీజర్లో ఉన్న ముక్కకి ఇంకో ఎనిమిది తలపాగాలు వస్తాయి. విజయనగరం బలగానికి అవి సరిపోవు, ఇంకో పట్టీ ఆర్డర్ పెట్టాను.