రావులపాలెం సీఎన్‌సీ సర్వీస్: బోర్డు మార్చకుండానే పనైపోయింది

మాది మండపేటలో తలుపుల పని. టేకు మీద లక్ష్మీదేవి, ఏనుగులు చెక్కే మూడు యాక్సిస్‌ల సీఎన్‌సీ రూటర్, అంటే కంప్యూటర్ ఫైల్లో రాసినట్టు కదిలే చెక్కుడు మిషన్, ఉంది. పోయిన నెల దానికి దెయ్యం పట్టింది. రెండు గంటలు బుద్ధిగా చెక్కి, పనంతా అయ్యాక పైకి పోవాల్సిన బిట్టు, తిరగడం కూడా ఆగిపోయాక, ధనామని కిందికొచ్చి ఒకటిన్నర అంగుళాల చెక్కలో దిగబడి విరిగింది. మిషన్ అమ్మినవాళ్లకి ఫోన్ చేస్తే వీడియో కూడా చూడకుండా కంట్రోల్ బోర్డు మార్చాలన్నారు.

ఎవరో చెబితే రావులపాలెం కుర్రాణ్ని పిలిచాం. రేపు రేపు అని రెండుసార్లు తిప్పి, మూడోరోజు జొన్నాడ వంతెన దాటి బండి మీద వచ్చాడు. వస్తూనే ఒకటే అడిగాడు, "తప్పేది ఒకేచోటాండి, రోజుకో చోటా?" ప్రతిసారీ చివర్లోనే అన్నాం. "ఆయ్, అయితే బోర్డు కాదండి, ఫైలు."

బిట్టు ఊడదీసి, చెక్క తీయించి, ఫైల్లో చివరి పాతిక లైన్లే ఉత్తినే నడిపాడు. మళ్లీ అదే దిగుడు. నోట్‌ప్యాడ్‌లో జీ28 జెడ్0 అన్న లైను చూపించాడు. జెడ్ అంటే పైకీ కిందికీ కదలడం, జీ28 అంటే బిట్టుని హోమ్‌కి, అదే పైనున్న దాని అసలు చోటుకి, పొమ్మనడం. జీ90లో, అంటే మనం పెట్టిన సున్నా నుంచి కొలతలు లెక్కేసే పద్ధతిలో, ఉండగా అది తిన్నగా హోమ్‌కి పోదట, ముందు మనం పెట్టిన జెడ్ సున్నాకి దిగి, అప్పుడు పైకెళ్తుందట. ఇన్నాళ్లూ సున్నా చెక్క పైన పెట్టేవాళ్లం కాబట్టి చిన్న చుక్క పడేది, ఇసుక కాయితంతో రుద్దేసేవాళ్లం. ఈమధ్యే చెక్క కిందుండే బెడ్ మీద పెట్టడం మొదలెట్టాం, ఇంకేముంది! ఆ లైనుకి ముందు జీ91 (ఉన్నచోటు నుంచే లెక్కేయమని), వెనకాలే జీ90 చేర్చాడు, ఆ జీ90 మర్చిపోతే తర్వాతి కదలికలన్నీ ఉన్నచోటు నుంచే లెక్కేసుకుంటుంది కాబట్టి అదింకో గోల. ఇకముందు వచ్చే ఫైళ్లకి కూడా ఉండేలా, డిజైన్ని మిషన్ ఫైలుగా మార్చే పోస్ట్ ప్రాసెసర్‌లోనే మార్చేశాడు.

మా తమ్ముడు ఊరుకోక, లోతు కూడా ఒక్కోరోజు ఒక్కోలా వస్తోందన్నాడు. అప్పుడు బిట్టుని పైకీ కిందికీ కదిపే జెడ్ మోటారు షాఫ్ట్‌నీ, దాని కింద బిగించిన కప్లింగ్‌నీ కలుపుతూ మార్కర్‌తో ఒక గీత గీశాడు. పావుగంట నడిపేసరికి గీత రెండు ముక్కలై, ఒకటి పక్కకి జరిగిపోయింది. కప్లింగ్‌ని షాఫ్ట్‌కి బిగించే గ్రబ్ స్క్రూ వదులు. ఎలెన్ కీతో రెండు తిప్పులు, అంతే.

1,500 తీసుకున్నాడు. బిల్లు మాత్రం ఎంత అడిగినా ఇవ్వడు. ఏనుగు తొండం పక్కన పడ్డ బొక్కలో టేకు ముక్క అతికించి, పాలిష్ కొట్టి, ఆ తలుపు మా షెడ్డుకే పెట్టుకున్నాం.