ఆరు సీజన్లుగా 170 లెక్క: మందు కొట్టాలా, వద్దా?

ముందే చెప్పేస్తున్నా, పేనుబంకకి మందు ఎప్పుడు కొట్టాలో చెప్పే ఈ 170 లెక్కంటే నాకు ఇష్టం. కోపం కూడా ఉంది. ఆ కోపం ఒక్క బార్లీ చేను వల్ల వచ్చింది కాబట్టి దాని గురించే ఎక్కువ రాస్తాను.

ఇంగ్లండ్‌లో శీతాకాలపు గోధుమ, బార్లీ వేసేవాళ్ళకి టీ-సమ్ (ఉష్ణోగ్రతల కూడిక) అంటే ఏంటో నేను చెప్పక్కర్లేదు. మొలక పైకొచ్చిన రోజు నుంచి రోజువారీ సగటు ఉష్ణోగ్రతలో 3 డిగ్రీలు తీసేసి, మిగిలింది కూడుకుంటూ పోవాలి. అది 170కి చేరిందంటే పేనుబంకలో రెండో తరం తయారై పక్క మొక్కల మీదికి పాకబోతోందని అర్థం. ఎగిరొచ్చిన రెక్కల పురుగు ఎల్లో డ్వార్ఫ్ వైరస్‌ని (మొక్కని పసుపుగా మార్చి గిడసబార్చే తెగులు) అంటించేది అక్కడో మొక్కకి, ఇక్కడో మొక్కకి. దాని రెక్కల్లేని సంతానమే చేనంతా తిప్పుతుంది. వాటిని ఆపడానికే ఆ గీత.

2018 డిసెంబరుతో నియోనికోటినాయిడ్ అనే పురుగుమందు పట్టించిన విత్తనం నిషేధంతో పోయింది. అప్పటిదాకా ఈ తలనొప్పే లేదు, మందు విత్తనంతో పాటే భూమిలోకి వెళ్ళిపోయేది. ఆ తర్వాత మా పొలంలో (నాది కాదు, నేను జీతానికి చూసుకునేది) అనుకున్న పద్ధతి ఏంటంటే రెండాకులు రాగానే పైరెత్రాయిడ్ అనే పురుగుమందు ఒకసారి, నెల తిరిగాక ఇంకోసారి. ఎలాగూ కలుపు మందుకి ట్యాంకు నింపుతున్నాం, అందులో ఓ చుక్క పోస్తే పోయేదేముంది అన్న ధోరణి. పురుగు ఉందా లేదా అని వంగి చూసిన పాపాన ఎవరూ పోలేదు. నేనూ పోలేదు.

2019లో ఈ లెక్క మొదలుపెట్టాను. ఆ ఏడు వానలకి విత్తడమే బాగా వెనకబడింది. అక్టోబరులో సగటు 12 ఉంటే రోజుకి 9 చొప్పున 19 రోజుల్లో గీత దాటేస్తుంది. అదే నవంబరులో సగటు 6 అనుకోండి, రోజుకి 3 మాత్రమే, 57 రోజులు పడుతుంది. మా గోధుమకి క్రిస్మస్ వెళ్ళిపోయినా 170 రాలేదు. యజమాని నా నోటుబుక్కు తిరగేసి, "అంటే ఈసారి కొట్టక్కర్లేదంటావా?" అన్నారు. అక్కర్లేదన్నాను గానీ లోపల భయమే. ఏప్రిల్లో చేను చూశాక ఆ భయం పోయింది. అప్పట్నుంచి కనపడ్డవాళ్ళందరికీ ఈ లెక్క గురించి చెప్పి విసిగించాను.

2022 దాకా.

ఆ వేసవి ఎండలకి కళ్ళం ముందుగా అయిపోయింది. సెప్టెంబరు వానలకి రాలిన గింజలన్నీ మొలిచి, కోసిన మడి మళ్ళీ పచ్చబడింది. దున్నకుండా నేరుగా విత్తే పద్ధతి మాది. ఆ మొక్కల్ని చంపడానికి గ్లైఫోసేట్ అనే కలుపు మందు కొట్టిన ఐదో రోజున బార్లీ వేసేశాం. పాత మొక్కలు ఇంకా పచ్చగానే ఉన్నాయి, ఎలాగూ చస్తాయిలే అనుకున్నాం. మొలక వచ్చిన రోజు నుంచి ఒక్క రోజూ తప్పకుండా రాసుకున్నాను. వెచ్చటి శరత్కాలం కదా, అంకె పరుగెత్తింది. 168 దగ్గర, గాలి లేని పొద్దున చూసుకుని మందు కొట్టించాను. ఇంతకంటే బుద్ధిగా ఎవరు చేస్తారు?

మార్చి మొదట్లో గట్టు మీంచి చూస్తే చేలో పసుపు. బార్లీలో ఇది దాగదు, ఆకు కొస నుంచి మొదలై కిందికి నిమ్మపండు రంగు దిగుతుంది, మొక్క గిడసబారిపోతుంది. మందుకి లొంగలేదేమో అనుకున్నాను ముందు. గ్రెయిన్ ఆఫిడ్ అనే పేనుబంకలో పైరెత్రాయిడ్‌ని కొంత తట్టుకునే రకం ఈ దేశంలో 2011 నుంచీ ఉంది. రెండు రోజులు ఆ అనుమానంతోనే గడిపాను.

మూడో రోజు అదే గట్టెక్కి తీరిగ్గా చూస్తే మచ్చలు గుండ్రంగా లేవు. బారులు తీరి ఉన్నాయి. బారుకీ బారుకీ మధ్య ఎడం సరిగ్గా మా కోత మిషను వెడల్పు. మిషను వెనక నుంచి గింజ ఎక్కువ రాలిన చోటల్లా పసుపు, మలుపు తిప్పిన మూలల్లో ఇంకా చిక్కగా. అప్పుడు వెలిగింది. ఈ పేనుబంక ఎగిరి రాలేదు. పాత మొక్కల మీద కాపురం ఉండి, అవి చస్తుంటే పక్కనే లేచిన కొత్త మొలకల మీదికి నడిచొచ్చింది. పైనుంచి దిగే పురుగు కోసం నేను రోజులు లెక్కబెడుతున్నాను, ఇది కిందనుంచి మొదటి రోజే ఎక్కి కూర్చుంది. నా సున్నా దగ్గరే వైరస్ పాకడం మొదలైతే, 168 దగ్గర కొట్టిన మందు ఎవరిని ఉద్ధరించడానికి?

లెక్క తప్పలేదు నిజానికి. కానీ ఎప్పుడు అనేది మాత్రమే చెబుతుంది, అసలు అవసరమా అనేది చెప్పదు. ఎగిరొచ్చే పురుగుకే వర్తిస్తుందన్న ముక్క ఎవరూ పెద్ద అక్షరాల్లో రాయరు. అదీ నా కడుపుమంట.

ఇప్పుడు పద్ధతి మార్చాం. పాత మొక్కల్ని చంపడానికీ విత్తడానికీ మధ్య ఎడం పెంచాం, అవి పూర్తిగా ఎండేదాకా విత్తే మిషను కదలదు. బార్లీలో వైరస్‌ని తట్టుకునే రకానికి వెళ్ళాం. గోధుమ వీలైనంత ఆలస్యంగా. అంకె 120 దాటాక నేను మోకాళ్ళ మీద కూర్చుంటాను, ఎండ కాసే మధ్యాహ్నాలే. బర్డ్ చెర్రీ ఓట్ ఆఫిడ్ అనే ఇంకో పేనుబంక ఆకుల మీద దొరకదు. మొక్క మొదట్లో మట్టి గోటితో గీకితే ముదురు ఆకుపచ్చ చుక్కలా ఉంటుంది, వెనక తుప్పు మరక. 2023లో అలా గీకుతుంటే ఉబ్బిపోయి, గోధుమరంగు పూసల్లా ఆకుకి అతుక్కున్నవి కనపడ్డాయి. లోపల కందిరీగ పిల్లలు పేనుబంకని తినేసిన ఖాళీ బొందెలు. కొన్నిటికి వీపు మీద చక్కగా కోసిన గుండ్రటి కన్నం, లోపలిది ఎగిరిపోయాక. ఆ చేలో అంకె 170 దాటినా కొట్టలేదు. కొట్టుంటే సాలీళ్ళు, నేల పెంకుపురుగులతో పాటు ఆ కందిరీగలూ పోయేవి. వసంతంలో మచ్చలు లేవు. కందిరీగల వల్లేనా అంటే ఒట్టేసి చెప్పలేను.

నా ధైర్యంలో వేరే లెక్క కూడా ఉంది, దాచను. పురుగుమందు వాడనందుకు హెక్టారుకి 45 పౌండ్లిచ్చే ప్రభుత్వ పథకంలో మా గోధుమ చేలు ఉన్నాయి. పైగా నష్టపోయేది నా జేబు కాదు. ఉన్న నాలుగు చేలూ నడిచి చూసుకునే దూరంలోనే ఉన్నాయి. వెయ్యి హెక్టార్లు చూసుకుంటూ, మందు కొట్టడానికి బయటి మిషను కోసం వారం ముందే మాట తీసుకోవాల్సిన వాళ్ళకి మోకాళ్ళ మీద కూర్చోమని నేను చెప్పలేను. వాళ్ళకి ఆ అంకె ఒక్కటీ ఉన్నా మేలే, పాత పంట మొలకలు లేని చేలో అయితే.

ఈ ఏడు కూడా నోటుబుక్కు తెరుస్తాను. మొదటి పేజీలో మొలక తేదీ కంటే ముందు, పాత మొక్కలు ఎండిన తేదీ రాస్తాను.