టాంపా స్పష్టత, స్టాక్‌హోమ్ రంపపు మోత, నార్వే మసక: ఎక్స్‌ట్రీమ్ మెటల్ రికార్డింగుల్లో ఏది మేలు?

నార్వేకు చెందిన డార్క్‌థ్రోన్ బృందం 1990లో తన మొదటి ఆల్బమ్ 'సోల్‌సైడ్ జర్నీ' కోసం పొరుగు దేశమైన స్వీడన్‌కు వెళ్లి, గరుకు గొంతు, భారీ గిటార్ల డెత్ మెటల్ సంగీతానికి అప్పటికే పెట్టింది పేరుగా మారుతున్న స్టాక్‌హోమ్‌లోని సన్‌లైట్ స్టూడియోలో రికార్డు చేసింది. మూడేళ్లు తిరిగేసరికి, 1993 చివర్లో, అదే బృందపు డ్రమ్మరు ఫెన్‌రిజ్ నాలుగు ట్రాకుల చిన్న రికార్డరు ముందు ఒంటరిగా కూర్చొని, మరుసటి ఏడాది 'ట్రాన్సిల్వేనియన్ హంగర్' పేరుతో వెలువడిన ఆల్బమ్‌లోని వాద్యాలన్నిటినీ తానే వాయించాడు. సహచరుడు నాక్టర్నో కుల్టో గొంతు మాత్రమే ఇచ్చాడు. పరికరాల లెక్కన చూస్తే ఇది మెట్లు దిగడమే. అయినా ఆ తర్వాత వచ్చిన బృందాలు పాఠంగా తీసుకున్నది మొదటి ఆల్బమ్‌ను కాదు, ఈ నాలుగు ట్రాకుల ఆల్బమ్‌నే.

డెత్ మెటల్, బ్లాక్ మెటల్ వంటివి కలిసిన ఈ ఎక్స్‌ట్రీమ్ మెటల్ వినేవారి మధ్య ఏ కాలపు రికార్డింగు మేలన్న వాదన ఎప్పుడూ తెగదు. పాత రికార్డింగుల గరుకుదనంలోనే ప్రాణం ఉందని కొందరు అంటే, ఏ స్వరమూ విడిగా వినబడని రికార్డింగు వాయించినవారి శ్రమకే అన్యాయమని మరికొందరు అంటారు. రెండు పక్షాలూ ఒకే పొరపాటు చేస్తున్నాయని నేను అనుకుంటాను. రికార్డింగు ఎంత శుభ్రంగా ఉందన్న దానికంటే ముందు, ఆ పాట దేని మీద నిలబడిందో, అది చెవికి చేరుతున్నదో లేదో చూడాలి. పాట కొన్నిచోట్ల రిఫ్ (మళ్లీ మళ్లీ వచ్చే గిటారు పదబంధం) విరుపుల మీద నిలబడుతుంది, కొన్నిచోట్ల వేగం మీద, కొన్నిచోట్ల ఎడతెగని మోతలోంచి పైకి తేలే రాగం మీద. ఈ మూడింటికీ ఒకే ధ్వని సరిపోదు.

ముందుగా అమెరికాలోని టాంపా నగరం సంగతి. జిమ్, టామ్ మోరిస్ సోదరులు ఫ్లోరిడాలో స్థాపించిన మోరిసౌండ్ స్టూడియోలో, ముఖ్యంగా ఇంజనీరు స్కాట్ బర్న్స్ చేతి మీదుగా, 1988 నుంచి నాలుగైదేళ్లపాటు డెత్ మెటల్ ముఖచిత్రమే రూపుదిద్దుకుంది. డెత్ అనే బృందం 'లెప్రసీ' 1988లో, ఒబిట్యువరీ 'స్లోలీ వీ రాట్', మోర్బిడ్ ఏంజెల్ 'ఆల్టర్స్ ఆఫ్ మ్యాడ్‌నెస్' 1989లో, డీసైడ్ మొదటి ఆల్బమ్ 1990లో అక్కడి నుంచే వెలువడ్డాయి. అక్కడివారు పరిష్కరించిన చిక్కు ఏమిటో ఒక చిన్న లెక్కతో చెప్పవచ్చు. నిమిషానికి 200 తాళాల వేగంలో రెండు కాళ్లతో కిక్ డ్రమ్మును తాళానికి నాలుగు దెబ్బల చొప్పున వాయిస్తే సెకనుకు 13 దెబ్బలకు పైగా పడతాయి. రెండు దెబ్బల మధ్య ఎడం 75 మిల్లీసెకన్లు. గదిలో ప్రతిధ్వని ఒక్క సెకను నిలిచినా ప్రతి దెబ్బ మీదా అంతకు ముందరి పదమూడు దెబ్బల శేషం వచ్చి పడుతుంది, చివరికి మిగిలేది ఉరుము లాంటి ఒక్క ముద్ద. అందుకే మోరిసౌండ్‌లో ప్రతిధ్వనిని బాగా తగ్గించి, కిక్ డ్రమ్ము దెబ్బలో గాలి గుప్పుమనే భాగం కంటే టక్కుమనే అంచును ముందుకు తెచ్చారు. డప్పును మంట సెగన కాచి బిగువెక్కించాక ఒక్కో దెబ్బ విడివిడిగా ఖణేలుమనడం మనకు తెలిసినదే. ఇక్కడ జరిగినదీ ఆ కోవలోదే.

గిటారు విషయంలోనూ ఇదే పద్ధతి పాటించారు. ఫ్లోరిడా బృందాల రిఫ్‌లలో పామ్ మ్యూట్‌కు, అంటే కుడి అరచేతి అంచును తంతుల మీద ఆనించి మోతను మధ్యలో తుంచడానికి, చాలా పెద్ద పాత్ర ఉంటుంది. మోగే క్షణం ఎంత ముఖ్యమో, ఆగే క్షణమూ అంతే ముఖ్యం. ఆ ఖాళీలు నిండిపోతే రిఫ్ ఆకారమే చెరిగిపోతుంది. 'ఆల్టర్స్ ఆఫ్ మ్యాడ్‌నెస్' అంత వేగంలోనూ మలుపు మలుపుకూ అర్థమవుతుందంటే, వాయించిన చేతులతో పాటు రికార్డు చేసిన చేతులకూ ఆ గొప్పదనంలో వాటా ఉంది.

అయితే మోరిసౌండ్ స్పష్టత సంపూర్ణమని అనుకోకూడదు. డెత్ బృందం 1991 నాటి 'హ్యూమన్' ఆల్బమ్‌లో స్టీవ్ డిజార్జియో వాయించిన బేస్ గిటారు మొదటి మిక్స్‌లో, అంటే వాద్యాల పాళ్లు కలిపిన రూపంలో, గిటార్ల అడుగున దాదాపు కనుమరుగైపోయింది. ఇరవై ఏళ్ల తర్వాత, 2011 పునర్ముద్రణ కోసం జిమ్ మోరిస్ దాన్ని మళ్లీ మిక్స్ చేసినప్పుడు ఆ బేస్ పైకి వచ్చింది. వాయింపు అదే, చేతులు అవే, కానీ వినబడుతున్నది మరో ఆల్బమ్. మిక్సింగ్ అంటే ఏమిటో కొత్తవారికి చెప్పాలంటే ఈ రెండు రూపాలనూ వెంటవెంటనే వినిపించడం కంటే మంచి మార్గం నాకు తెలియదు. నేను రెండో రూపం పక్షాన ఉంటాను, ఎందుకంటే ఆ ఆల్బమ్ నిలబడినదే నలుగురి మధ్య నడిచే వాద్య సంభాషణ మీద.

స్టాక్‌హోమ్ దారి దీనికి పూర్తిగా భిన్నం. సన్‌లైట్ స్టూడియోలో టోమస్ స్కోగ్స్‌బెర్గ్ రికార్డు చేసిన ఎన్‌టూమ్డ్ 'లెఫ్ట్ హ్యాండ్ పాత్' 1990లోను, డిస్మెంబర్ 'లైక్ యాన్ ఎవర్ ఫ్లోయింగ్ స్ట్రీమ్' 1991లోను వచ్చాయి. వాటి గిటారు ధ్వని వెనుక ఉన్నది 1983 నుంచి 1991 వరకు బాస్ సంస్థ తయారు చేసిన హెచ్ఎం-2 అనే పెడల్, అంటే గిటారు మోతను మార్చే, కాలితో నొక్కే చిన్న పరికరం. దానికి ఉన్నవి నాలుగే మరలు, ఆ నాలుగింటినీ చివరంటా తిప్పేయడమే స్వీడన్ కుర్రాళ్లు కనిపెట్టిన కిటుకు. అలా తిప్పినప్పుడు అడుగు స్వరాలూ, ఒక కిలోహెర్ట్జ్ పరిసరాల్లోని గరుకు స్వరాలూ ఒకేసారి ఉబికి, పెద్ద మానును రంపం కోస్తున్నట్టు మోగుతాయి. దీనికి తోడు గిటార్లను బాగా కిందికి, ఆరో తంతి బి స్వరం పలికేదాకా దించారు. మామూలు శ్రుతిలో 82 హెర్ట్జ్ దగ్గర పలకాల్సిన తంతి అప్పుడు 62 హెర్ట్జ్ దగ్గర పలుకుతుంది, వదులైన తంతి అంచులు మరింత చిట్లుతాయి.

టాంపా, స్టాక్‌హోమ్‌లలో ఏది మేలని అడిగితే, నా జవాబు పాట నడకను బట్టి మారుతుంది. అతివేగంగా, మెలికలు తిరిగే రిఫ్‌లను హెచ్ఎం-2 మింగేస్తుంది; మోర్బిడ్ ఏంజెల్ పాటలను ఆ పెడల్‌తో వాయిస్తే సగం స్వరాలు పొట్టులో కలిసిపోతాయి. కానీ మధ్యస్థ వేగంలో, పంక్ బరువుతో నడిచే స్వీడిష్ రిఫ్‌లకు టాంపా ధ్వని తొడిగితే అవి బక్కచిక్కిపోతాయి. వాటికి కావలసినది గోడ లాంటి నిండుదనం. బాస్ సంస్థ 2021లో ఆ పెడల్‌ను హెచ్ఎం-2డబ్ల్యూగా మళ్లీ తేవడం ఈ ధ్వనికున్న గిరాకీని చూపుతుంది. అయితే ఇప్పటి బృందాలు చాలావరకు ఆ పెడల్‌ను కొని, అది కోరే పాటలను మాత్రం రాయడం లేదు. మరలు తిప్పడం సులువు, 'లెఫ్ట్ హ్యాండ్ పాత్' శీర్షిక గీతం చివర్లో వచ్చే ఆ నెమ్మది రాగంలా ఒకదాన్ని పాటకు అంత చక్కగా అమర్చడం సులువు కాదు.

ధ్వనికీ పాటకూ పొత్తు కుదరకపోతే ఏమవుతుందో బ్రిటన్ బృందం నేపాల్మ్ డెత్ చరిత్ర చూపుతుంది. అతివేగపు, అతిపొట్టి పాటల గ్రైండ్‌కోర్‌కు మూలగ్రంథం లాంటి 'స్కమ్' బర్మింగ్‌హామ్‌లో రెండు విడతలుగా, మొదటి పక్క 1986లో, రెండో పక్క 1987లో రికార్డయింది. రెండు పక్కల్లోనూ ఉన్నది డ్రమ్మరు మిక్ హారిస్ ఒక్కడే. 28 పాటలున్న ఆ ఆల్బమ్‌లో ఒక పాట నిడివి సెకనుకు కాస్త ఎక్కువ. చవకగా, హడావుడిగా చేసిన ఆ రికార్డింగులో గిటారు నలిగిపోయినట్టు ఉంటుంది, డ్రమ్ములు గదిని బద్దలు కొడుతున్నట్టు ఉంటాయి. 1990లో అదే బృందం, కొత్త గాయకుడితో, కొత్త గిటారిస్టులతో మోరిసౌండ్‌కు వెళ్లి స్కాట్ బర్న్స్ చేత 'హార్మనీ కరప్షన్' చేయించుకుంది. పాటలు పొడవయ్యాయి, రిఫ్‌లు డెత్ మెటల్ వైపు మళ్లాయి, కాబట్టి ఆ ఎంపికకు కారణం లేకపోలేదు. అయినా ఆ ఆల్బమ్ వింటే టాంపాకు చెందిన మరో మంచి బృందాన్ని వింటున్నట్టే ఉంటుంది. 'స్కమ్'ను వేరే ఏ బృందపు పని అనీ పొరబడలేము. ఈ పోటీలో నేను సందేహం లేకుండా బర్మింగ్‌హామ్‌నే ఎంచుకుంటాను.

ఇక నార్వే. అక్కడ పెరిగిన బ్లాక్ మెటల్ అంటే అధ్వాన్నమైన రికార్డింగు అని చాలామంది అనుకుంటారు గాని, అక్కడ కనీసం రెండు దారులున్నాయి. ఒకటి బెర్గెన్ నగరంలోని గ్రీగ్‌హాలెన్‌ది. సంగీతకర్త ఎడ్వర్డ్ గ్రీగ్ పేరిట కట్టిన ఆ కచేరీ భవనంలో, పిట్టెన్ అని అందరూ పిలిచే ఐరిక్ హుండ్విన్ ఇంజనీరుగా, మేహెమ్ 1994 నాటి 'డె మిస్టీరీస్ డోమ్ సతానాస్'నూ, ఎంపరర్ 1993లో 'ఇన్ ద నైట్‌సైడ్ ఎక్లిప్స్'నూ రికార్డు చేశాయి. ఇవి పేదరికం వినబడే రికార్డింగులు కావు. పెద్ద భవనపు లోతును పాటలోకి తెచ్చుకున్న రికార్డింగులు. రెండో దారి డార్క్‌థ్రోన్‌ది. 1992లో వెలువడిన 'ఎ బ్లేజ్ ఇన్ ద నార్తర్న్ స్కై' టేపు అందుకున్నప్పుడు, దాన్ని విడుదల చేసే పీస్‌విల్ సంస్థ గిటారు మరీ పలచగా ఉందనీ మళ్లీ మిక్స్ చేయాలనీ కోరినా బృందం ఒప్పుకోలేదు. అక్కడి నుంచి నాలుగు ట్రాకుల రికార్డరు ఇక ఎంతో దూరం లేదు.

టాంపాలో శత్రువైన మసక నార్వేలో మిత్రుడు కావడానికి కారణం రిఫ్ నిర్మాణంలోనే ఉంది. బ్లాక్ మెటల్ గిటారిస్టు పామ్ మ్యూట్‌ను దాదాపు వదిలేసి, రెండు మూడు తంతులను కలిపి ఆపకుండా ట్రెమొలో పద్ధతిలో, అంటే పైకీ కిందికీ అతివేగంగా, మీటుతాడు. మధ్యలో తుంచవలసిన ఖాళీలే లేవు. అలా తెరిపి లేకుండా మోగే తంతుల ఉపస్వరాలు ఒకదానితో ఒకటి రాసుకున్నప్పుడు, ఎవరూ విడిగా వాయించని ఒక రాగఛాయ పైకి తేలుతుంది. తంబురాలో తంతులు ఆనే గుర్రం మీద తంతి కింద నూలు పోగు పెట్టి జీవం పలికించడం మనకు కొత్త కాదు. ఆ పోగు తీసేస్తే తంతి శుభ్రంగానే మోగుతుంది, కానీ గాయకుడు ఆనుకోవడానికి ఆ గుంజారవం మిగలదు. 'ట్రాన్సిల్వేనియన్ హంగర్'లోని రొద చేసే పని అలాంటిదే. దాదాపు మారని డ్రమ్ముల నడక మీద గిటారు తన గరుకుతోనే ఒక మంచు తెరను కప్పుతుంది, వినేవారి చెవి ఆ తెరలో రాగాన్ని వెతుక్కుంటుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ఈ వాదనను అడ్డు పెట్టుకొని, బలహీనమైన పాటలను టేపు రొదలో దాచిన ఆల్బమ్‌లు తర్వాతి కాలంలో లెక్కలేనన్ని వచ్చాయి. వాటిని పట్టుకోవడానికి నేను పాటించే పరీక్ష ఒకటుంది. పాట ముగిసిన తర్వాత దాని గిటారు రాగాన్ని కూనిరాగం తీయగలిగితే ఆ మసక వెనుక సంగీతం ఉన్నట్టు. తీయలేకపోతే ఉన్నది మసక మాత్రమే.

ఇప్పటి డిజిటల్ రికార్డింగుల గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. కిక్ డ్రమ్ముకు ట్రిగ్గర్ అమర్చి, ప్రతి దెబ్బ స్థానంలో ముందే దాచుకున్న ఒకే శబ్దాన్ని పలికించడం, తాళం తప్పిన ప్రతి దెబ్బనూ తెర మీద గీతకు సరిచేయడం ఇప్పుడు మామూలు. సాంకేతిక డెత్ మెటల్‌కు ఇది కొంతవరకు అవసరమే. నన్ను ఇబ్బంది పెట్టేది స్పష్టత కాదు, చివరి మెరుగు దిద్దే మాస్టరింగ్‌లో పెద్ద చప్పుళ్లకూ చిన్న చప్పుళ్లకూ మధ్య ఎడాన్ని నలిపేసి అంతటినీ ఒకే ఎత్తుకు లేపే అలవాటు. ఎప్పుడూ అరిచే మనిషి అరుపుకు బరువు ఉండదు. ఇయరేక్ సంస్థ తన పాత ఆల్బమ్‌లు కొన్నిటిని ఆ నలుపుడు లేకుండా, పూర్తి ధ్వని వ్యాప్తితో మళ్లీ విడుదల చేసింది. 'ఆల్టర్స్ ఆఫ్ మ్యాడ్‌నెస్' కొనదలచినవారు ఆ ముద్రణనే వెతకడం మంచిది. హైదరాబాదు మూలాలున్న గాడ్‌లెస్ బృందం 2018లో తెచ్చిన 'స్వార్మ్' లాంటివి వింటే, పాత డెత్ మెటల్ స్వభావాన్ని వదలకుండా కొత్త పరికరాలను వాడుకోవచ్చన్న నమ్మకమూ కలుగుతుంది.

బ్లాక్ మెటల్‌కు స్పష్టత పనికిరాదని నా మాటలను బట్టి ఎవరైనా తీర్మానిస్తే, వారికి నార్వే బృందం ఇమ్మోర్టల్ ఆల్బమ్‌లు రెండు వినిపిస్తాను. 1995 నాటి 'బ్యాటిల్స్ ఇన్ ద నార్త్' గ్రీగ్‌హాలెన్‌లో రికార్డయింది. పది పొట్టి పాటలు, ఊపిరి సలపని వేగం, డ్రమ్ములూ గిటార్లూ కలిసి ఒక మంచు తుపాను. ఆ తర్వాత చేతి స్నాయువుల వాపుతో గిటారిస్టు డెమోనాజ్ గిటారుకు దూరం కాగా, ఆ బాధ్యతను గాయకుడు అబ్బాత్ తీసుకున్నాడు, బృందం స్వీడన్‌లోని పీటర్ టెగ్ట్‌గ్రెన్ అబిస్ స్టూడియోకు వెళ్లి, 1999లో వెలువడిన 'ఎట్ ద హార్ట్ ఆఫ్ వింటర్' చేసింది. అందులో ఉన్నవి ఆరు పాటలే, కానీ పొడవైనవి. నెమ్మదిగా మొదలై, పామ్ మ్యూట్‌తో విరిగి, మళ్లీ రాగంలోకి తెరుచుకునే రిఫ్‌లు. అంటే, స్టూడియో మారకముందే పాట స్వభావం మారింది, ఆ పాటకు ప్రతి స్వరమూ విడిగా వినబడే ధ్వని అవసరమైంది, దాన్ని టెగ్ట్‌గ్రెన్ సరిగ్గా అందించాడు. 1995 నాటి తుపానుకు నా ఇంట్లో చోటు ఉంది గాని, ఈ రెండింటిలో నేను ఎక్కువసార్లు తీసి వినేది 1999 నాటి ఆల్బమ్‌నే.