పోచంపల్లి మీదికి మట్టి నగలా, ఆక్సిడైజ్డ్ నగలా?

బతుకమ్మ దగ్గర పడుతోందంటే చాలు, ఇంటింటా ఒకటే మాట: "చీర తీసుకున్న, మీదికి ఏం వేసుకోవాలె?" బంగారం ధర చూసి జడుసుకున్న వాళ్లంతా ఇప్పుడు చేతితో చేసిన నగల మీద పడ్డారు. మట్టి జుంకాలు, వెండి రంగు లోహాన్ని నల్లబరిచి చేసే ఆక్సిడైజ్డ్ కంటెలు, పట్టుదారం గాజులు, గుడ్డతో చుట్టిన పూసల దండలు. షాపులో, ఫోన్‌లో చూస్తే అన్నీ బాగుంటాయి. ఇంటికి తెచ్చి చీర మీద పెట్టాకే అసలు సంగతి బయటపడుతుంది. మన పక్కన నేసే పోచంపల్లి, గద్వాల, నారాయణపేట మూడూ మూడు తీర్లు. అందుకే ఏ నగ మేలు అని అడిగిన వాళ్లను నేను ముందు చీర చూపించమంటాను.

పోచంపల్లితో మొదలుపెడదాం. ఇక్కడి నేత పేరు ఇక్కత్. ఇందులో దారాన్ని ముందే ముడులు కట్టి, రంగుల్లో ముంచి, ఆ తర్వాత నేస్తారు. అందుకే దగ్గర నుంచి చూస్తే డిజైన్ అంచు గీత గీసినట్టు తెగదు, రంగు కొంచెం పక్కకు పాకినట్టు ఉంటుంది. ఆ మసకే దాని అందం. పైగా చీర నిండా చౌకాలు, మెట్లు, వజ్రాలు. కన్ను ఆగడానికి ఖాళీ జాగా ఉండదు. ఇలాంటి చీర మీద నాలుగు రంగులు పూసి, పూలు దిద్దిన మట్టి హారం వేశారనుకోండి, అటు చీరా కనిపించదు, ఇటు హారమూ కనిపించదు. ఆక్సిడైజ్డ్ నగకు ఒకటే రంగు, అంచు గట్టిగా తెగి ఉంటుంది, కాబట్టి అంత గందరగోళంలోనూ విడిగా తెలుస్తుంది. ఇక్కత్‌లోనే ఇంకో రకమైన పుట్టపాక తేలియా రుమాల్ చీర, దుపట్టాల విషయంలో నాకు అసలు అనుమానమే లేదు. ఎరుపు, నలుపు, తెలుపు ఉన్న ఆ బట్ట మీద వెండి రంగు తప్ప ఇంకేది పెట్టినా ఎక్కువైనట్టే అనిపిస్తుంది. తేలియాకు 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చాక దుపట్టాలు బాగానే కనిపిస్తున్నాయి. కాలేజీ పిల్లలు తెల్ల కుర్తా మీద వేసి, చెవులకు పెద్ద ఆక్సిడైజ్డ్ చాంద్‌బాలీలు పెట్టుకుంటే చూడముచ్చటగా ఉంటుంది.

అయితే ఒక జాగ్రత్త. కొనేముందు నగను వెనక్కి తిప్పి వేలితో తడమండి. చవక రకాల్లో అతుకుల దగ్గర, కొక్కేల దగ్గర సన్నని ముళ్లలా లోహం మిగిలిపోతుంది. పట్టు ఇక్కత్‌కు అది తగిలిందంటే పోగు లేస్తుంది. లేచిన పోగును లాగితే అక్కడ డిజైనే పక్కకు జరుగుతుంది. కాటన్ అయితే ఇంత టెన్షన్ లేదు.

గద్వాలకు వచ్చేసరికి లెక్క తిరగబడుతుంది. ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు, వాటి మీద జరీ. ఒళ్లు దాదాపు సాదాగా ఉంటుంది, మహా అయితే చిన్న బుటాలు. అంచులో మెరిసేది బంగారు రంగు. దాని పక్కన నల్లబడిన లోహం పెడితే తోమని గిన్నె పెట్టినట్టు ఉంటుంది, నా కంటికైతే అంతే. ఇక్కడ మట్టి నగే మేలు. ఇటుక రంగు మట్టి మీద పాతబడిన బంగారు ఛాయ దిద్దిన జుంకాలు కోటకొమ్మ అంచుతో, అంటే కోట కొమ్ముల్లా కొనలు తేలిన అంచుతో, భలే కలిసిపోతాయి.

కానీ గద్వాల మీద పెద్ద హారం వద్దంటాను. కుచ్చిళ్లు పెట్టి కొంగు పిన్ చేస్తే ఆ వెడల్పాటి జరీ అంచు సరిగ్గా గుండె మీదుగా పైకి వెళ్తుంది. లాకెట్ వచ్చి దాని మీదే కూర్చుంటుంది. రెండూ కొట్లాడుకుంటాయి. మెడను నల్లపూసలతో వదిలేసి, పెద్ద నగను చెవులకే పెట్టండి. హారం వేసుకోవాల్సిందే అంటే మెడను పట్టుకుని ఉండే పొట్టి కంటె తీసుకోండి, లాకెట్ అంచు దాకా దిగకుండా ఉండాలి.

నారాయణపేటకు పెద్ద చర్చ అక్కర్లేదు. తేలిక కాటన్, సన్నని గళ్లు, ఆఫీసుకు రోజూ కట్టే చీర. రెండూ నప్పుతాయి. పట్టుదారం జుంకాలు కూడా దీని మీదే బాగుంటాయి, అంచు రంగు చూసి దారం ఎంచుకుంటే సరి. మన ఎండాకాలంలో మాత్రం దారం గాజులు చెమటకు మరకలు పడతాయి. ఇక ఇక్కత్ ముక్కలతో చేసిన గుడ్డ నగలను ఇక్కత్ చీర మీదే వేసుకోవడం నాకు నచ్చదు. అవి సాదా కుర్తాకు ప్రాణం పోస్తాయి.

చూపు సంగతి అలా ఉంచితే, మన్నికలో ఏది మేలు? మట్టి నగ కిందపడితే పోయినట్టే. అతికించుకోవచ్చు గానీ అతుకు కనిపిస్తుంది. ఇంకో చిక్కు, కాల్చకుండా ఊరికే ఆరబెట్టిన మట్టిని కూడా టెర్రకోట, అంటే కాల్చిన మట్టి, అని అమ్ముతున్నారు. వెనక రంగు పూయని చోట ఒక్క నీటి చుక్క వేసి చూడండి. కాల్చిన మట్టి చుక్కను పీల్చుకుంటుంది కానీ మెత్తబడదు. కాల్చనిదైతే అక్కడ వేలికి బురదలా అంటుతుంది. ఆక్సిడైజ్డ్‌లోనూ మోసం లేకపోలేదు. ఈ నగలకు వాడే జర్మన్ సిల్వర్‌లో వెండి ఉండదు, రాగి, నికెల్, జింక్ కలిసిన మిశ్రమం అది. నికెల్ పడని వాళ్లకు చెవులు ఎర్రబడి దురద పెడతాయి. అలాంటి వాళ్లు కనీసం కొక్కెం వరకైనా వెండిది వేయించుకోవాలి. ఈ విషయంలో మట్టి జుంకాలూ తక్కువేం కాదు, వాటి కొక్కెం కూడా చవక లోహమే కావచ్చు.

బరువు మాటకొస్తే, దేవరకొండ, అచ్చంపేట వైపు తండాల్లో లంబాడీ పెద్దవాళ్లను చూడండి. వాళ్ల ఘుగ్రీలు, టోప్లీలు చూడ్డానికి చెవుల దగ్గరే వేలాడతాయి గానీ, కట్టేది జుట్టుకు. అంత బరువును తమ్మె మోయదని వాళ్లకు ఎప్పుడో తెలుసు. మన చెంపసరాల పని కూడా అదే. ఇప్పుడు ఆక్సిడైజ్డ్ పేరుతో వచ్చే చాలా డిజైన్లు ఆ లంబాడీ సొమ్ముల నుంచి తీసుకున్నవే, కానీ జుట్టుకు కట్టే ఏర్పాటు వదిలేసి బరువంతా కొక్కేనికి వేలాడదీశారు. పెద్ద జుంకాలు కొంటే, మట్టివైనా లోహానివైనా, చెంపసరం కూడా అడిగి తీసుకోండి. సాయంత్రం దాకా చెవి నొప్పి లేకుండా ఉంటుంది.

బతుకమ్మ ఆటకైతే ఇంకో లెక్క చూడాలి. వంగి చప్పట్లు కొడుతూ గుండ్రంగా తిరుగుతాం. పొడుగు హారం ముందుకు ఊగి మోచేతులకు తగులుతుంది. టెర్రకోట గాజులైతే చప్పట్లకే పగిలిపోతాయి, వాటి జోలికే వెళ్లకండి. చేతులకు లాడ్ బజార్ లక్క గాజులు వేసుకోండి. అవి గట్టివే, కాకపోతే ఎండలో ఆపిన కారులో వదిలేస్తే మెత్తబడి వంకర పోతాయి.

ఒక్కటే కొనే బడ్జెట్ ఉంటే? ఇంట్లో పోచంపల్లి చీరలు, కుర్తాలు ఎక్కువ ఉన్నవాళ్లు ఆక్సిడైజ్డ్ జుంకాలు తీసుకోండి, జీన్స్ మీదికీ పనికొస్తాయి. జరీ చీరలు ఎక్కువుంటే, రంగులు పూయని ఇటుక ఛాయ మట్టి జుంకాలు తీసుకోండి. మట్టిలో నల్లది కూడా దొరుకుతుంది, పొగ బయటికి పోకుండా మూసి కాల్చితే ఆ రంగు వస్తుంది. ఆ నల్లమట్టి జుంకాలు పోచంపల్లి మీదికీ నప్పుతాయి, నికెల్ పడని వాళ్లు వెండి కొక్కెం వేయించి అవే కొనుక్కోవచ్చు.