చూపులేని పిల్లలకు టీచర్ ట్రైనింగ్ అంటే వెంటనే ఫీజు కట్టేయకండి

దృష్టిలోపం ఉన్న పిల్లలకు పాఠాలు చెప్పాలని ట్రైనింగ్ కోసం వెతుకుతున్నవాళ్లు దయచేసి ఇది పూర్తిగా చదవండి. నాకు 42,000 రూపాయలు, ఒక ఏడాది పోయాయి.

మా ఊళ్లో ఒక సంస్థ 'స్పెషల్ ఎడ్యుకేషన్ డిప్లొమా, దృష్టిలోపం, ఒక్క ఏడాదిలో పూర్తి, ఆదివారం క్లాసు చాలు' అని బోర్డు పెట్టింది. స్పెషల్ టీచర్లు ఎంతమంది ఉండాలో 2021లో సుప్రీంకోర్టు చెప్పింది కదా, ప్రైమరీలో పదిమంది ప్రత్యేక అవసరాల పిల్లలకు ఒకరు, పై తరగతుల్లో పదిహేను మందికి ఒకరు అని. ఆ వార్త కటింగ్ చూపించి, "పోస్టులు బోలెడు పడతాయమ్మా, ఇప్పుడే చేరండి" అన్నారు. తీర్పు నిజమే కాబట్టి మిగతాదంతా నమ్మేశాను.

ఏడాది మొత్తంలో జరిగినవి పదకొండు క్లాసులు. బ్రెయిలీ, అంటే వేలితో తడిమి చదివే ఉబ్బెత్తు చుక్కల లిపి, నేర్పడమంటే వాట్సాప్‌లో ఒక చుక్కల చార్టు పంపారు. బ్రెయిలీ రాసే స్లేటు, చుక్కలు గుచ్చే స్టైలస్ ఒక్కసారి కూడా చేతికివ్వలేదు. తెల్లకర్రతో నడిపించడం, టేలర్ ఫ్రేమ్ (తడిమి లెక్కలు చేసే పలక) మీద లెక్కలు, కొద్దిగా చూపున్న పిల్లలకు ఏ సైజు అక్షరం కనిపిస్తుందో చూడడం, ఇవేవీ లేవు.

కోర్సయ్యాక ప్రత్యేక అవసరాల పిల్లల కోసం ఉన్న మా మండల భవిత కేంద్రానికి వెళ్లి, నాలుగు రోజులు పిల్లలతో ఉంటానని అడిగాను. నాలుగో తరగతి పాప స్లేటు నా చేతికిచ్చి, "మేడం, హ రాయండి" అంది. చార్టులో ఉన్నట్టే ఆరు చుక్కల గడిలో 1, 2, 5 చుక్కలు గుచ్చాను. పాప కాగితం తిప్పి వేలితో తడిమి, "ఇది జ కదా మేడం" అంది. స్లేటు మీద కాగితం వెనక నుంచి గుచ్చుతాం, అందుకే కుడి నుంచి ఎడమకు, చుక్కలు తిరగేసి రాయాలి. మొదటి వారంలోనే నేర్పాల్సిన సంగతిది. ఆ పాపే నా చేయి పట్టుకుని నేర్పింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ చార్టు పట్టుకుని నేను ఎంతమంది పిల్లలకు తప్పు నేర్పేదాన్నో!

తర్వాత ఒక స్కూల్లో ఇంటర్వ్యూకి వెళితే అడిగిన మొదటి ప్రశ్న, "మీ సీఆర్‌ఆర్ నంబరెంత?" మన దేశంలో స్పెషల్ టీచర్‌గా పనిచేయాలంటే 1992 చట్టం ప్రకారం రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, అంటే ఆర్‌సీఐ, రిజిస్టర్‌లో పేరుండాలి. ఆ నంబరే సీఆర్‌ఆర్. ఆర్‌సీఐ గుర్తించిన కోర్సు చేస్తేనే అది వస్తుంది. నా సర్టిఫికెట్‌కి రాదు. సంస్థవాళ్లను నిలదీస్తే "అప్లై చేశాం, వచ్చేస్తుంది" అన్నారు. ఇప్పటికీ అదే మాట.

కాబట్టి చేరేముందు ఆర్‌సీఐ వెబ్‌సైట్‌లో గుర్తింపు ఉన్న సంస్థల జాబితా మీరే తెరిచి చూడండి, వాళ్లు చూపించే జిరాక్సు కాదు. సంస్థ పేరుంటే సరిపోదు. వినికిడి లోపం కోర్సుకు గుర్తింపు ఉండి, దృష్టిలోపం కోర్సుకు లేకపోవచ్చు. మీరు చేరే విద్యాసంవత్సరానికి అది చెల్లుతుందా అన్నదీ చూడండి. దృష్టిలోపం స్పెషల్ డీఎడ్ అయినా, బీఎడ్ అయినా రెండేళ్లు. ఏడాదిలో అయిపోతుందంటే అక్కడే ఆగిపోండి. మూడు రోజుల సీఆర్‌ఈ (కంటిన్యూయింగ్ రిహాబిలిటేషన్ ఎడ్యుకేషన్) ప్రోగ్రాం సర్టిఫికెట్ చూపించి ఇదే అర్హత అంటారు, అది ఇప్పటికే రిజిస్టరైన టీచర్ల కోసం. అన్నిటికన్నా ముందు బ్రెయిలీ గది చూపించమని అడగండి. నేను అడిగి ఉంటే మొదటి రోజే తెలిసిపోయేది.

1915 కన్స్యూమర్ హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టాను, డబ్బు ఇంకా రాలేదు. ఒక్క విషయం మాత్రం మరీ మరీ చెబుతున్నాను. అడ్మిషన్ కోసమని ఒరిజినల్స్ వాళ్ల దగ్గర వదలకండి. నా డిగ్రీ సర్టిఫికెట్ ఇప్పటికీ వాళ్ల బీరువాలోనే ఉంది.